బల్కింగు మాహాత్మ్యము

మన పెద్దలకు పొట్టలుండెడివి గాని, ఆ పొట్టలకు శాస్త్రాధారము లేకుండెను. కరణముగారి బొజ్జకు నేతిగిన్నెయు, షావుకారుగారి బొజ్జకు గద్దె దిగని అలవాటును కారణములని ఊరివారు నిర్మొగమాటముగా చెప్పుకొనెడివారే తప్ప, అంతకుమించిన గౌరవమునకు ఆ బొజ్జలు నోచుకొనలేదు. నేటి యువకులు అంతటి అభాగ్యులు కారు. జిమ్ముకు ఏడాది చందా ఒక్కమారే చెల్లించి, వారమునకు రెండు దినములు అద్దము నెదుట డంబెల్లు పైకెత్తి, తక్కిన దినములలో అర్ధరాత్రివేళ బిర్యానీ తెప్పించుకొను చిరంజీవిని చూచి, "ఏమిరా, నీకంటే నీ పొట్ట ముందొస్తున్నదే?" అని మేనమామ అడిగెనేని, అతడు తల వంచుకొనడు, "బల్క్‌లో ఉన్నాను మామయ్యా" అని, మాల వేసికొన్నవాని గాంభీర్యముతో పలికి, రెండవ కోడికాలు అందుకొనును. మామయ్యకు మారుప్రశ్న తోచదు. తిండిపోతుతనమునకు ఇంతటి రక్షాకవచము పూర్వమెన్నడును లభింపలేదు.

బల్కింగు అనగా నేమో ఎఱుగని ధన్యులకు రెండు మాటలు. శరీరము ఖర్చు చేయుదానికంటె అధికముగా తిని, బరువులెత్తి, కండను, దానితోపాటు వచ్చు కొంత కొవ్వును సంపాదించుట పూర్వార్ధము. పిదప తిండి తగ్గించి, కండను కాపాడుకొనుచు ఆ కొవ్వును వదలించుకొనుట ఉత్తరార్ధము. దీనికి కటింగని పేరు. ఈ సిద్ధాంత మసత్యమని నేననను. ఏండ్లతరబడి సాధన చేసి, ఒంటిపై కొవ్వు పలుచబడి, ఇక తూకము పెరుగక పెనుగులాడు పోటీవస్తాదునకు ఇది తగిన ఉపాయమే. అయితే అట్టివానికొరకు పుట్టిన నియమమును, మూడు మెట్లెక్కిన ఆయాసపడు ఉద్యోగి యొకడు అమీర్‌పేట హాస్టలు గదిలో కూర్చుండి స్వీకరించినప్పుడు, పూర్వార్ధము మాత్రము పరమశ్రద్ధతో నడచి, ఉత్తరార్ధమునకు ముహూర్తము కుదరకుండుటయే చిత్రము.

ముహూర్తము కుదరకపోవుటలో మన పంచాంగము తప్పును కొంత కలదు. ఈ ఆచారమును చలిదేశములవారు తమ ఋతువులకు తగినట్లు దిద్దుకొనిరి. వారు శీతకాలమున ఉన్నికోటు క్రింద పొట్టను పెంచి, ఎండకాలమున సముద్రతీరమునకు పోయి చొక్కా విప్పునాటికి దానిని కరగింతురు. బెజవాడలో ఉన్నికోటునకు తావెక్కడిది? మనవాడు దసరాకు బల్కింగు సంకల్పము చెప్పుకొనును. సంక్రాంతి అరిసెలతో అది పరిపుష్టమగును. ఉగాదినుండి కటింగని ప్రతిన పట్టును గాని, అంతలో బంగినపల్లి మామిడి దిగును. అమ్మ కొత్తావకాయ కలిపి పెట్టిన ముద్దను కాదనుట మాతృద్రోహమగును. రంజాను నెల ఏ ఋతువున వచ్చినను హైదరాబాదు వీధులలో హలీము బట్టీలు వెలుగును. అందు మాంసము గలదు కావున "ప్రొటీనే గదా" అని అంతరాత్మకు సర్దిచెప్పుకొనును. శ్రావణమున పెండ్లిభోజనములు, తిరిగి దసరా. చొక్కా కొలతలు మారుచుండును. కటింగు మాత్రము ఎల్లప్పుడును వచ్చే సోమవారమునుండి మొదలు.

పోనీ, కండకు మిగులుతిండి ఎంత కావలెను? ఇక్కడనే బల్కింగు భక్తుల గణితము నాకు మిక్కిలి ముచ్చట గొల్పును. నియమము తప్పక బరువులెత్తు క్రొత్త సాధకునకు సైతము నెలకొక కిలో కండ పెరిగెనన్న అది అదృష్టము. అభ్యాసము ముదిరినకొలది ఆ వేగమును మందగించును. దానికి దినమునకు 200, 300 కేలరీలు అదనముగా నున్న చాలును. అనగా చిన్న గిన్నెడు అన్నము, రెండు గ్రుడ్లు. కండ తనకు వలసినంత పుచ్చుకొని ఊరకుండును; ఆపైన వచ్చిన బిర్యానీ, కూల్‌డ్రింకు, ఖుబానీకా మీఠా దారి తప్పక నడుమునకే చేరును. నాలుగు నెలలలో 10 కిలోలు పెరిగి, "ఇదంతా మాస్" అని చెంపలు నిగనిగలాడ పలుకువాని తూకములో, ఎంత ఉదారముగా లెక్కించినను, సగమునకు మించి కొవ్వును నీరును గాక మరేమి?

ఈ యజ్ఞమునకు సమిధలమ్మువారు వేరు. కండలుబ్బిన వస్తాదు బొమ్మతో, బిందెయంత డబ్బాలో దొరకు మాస్ గెయినరును వేలు పోసి కొనువారు దాని వెనుకనున్న చీమతలకాయలంత అక్షరములను చదువరు. చదివిరేని, అట్టి డబ్బాలు పెక్కింటిలో 100 గ్రాముల పొడికి మాంసకృత్తులు 15, 20 గ్రాములే యనియు, తక్కినది చాలవఱకు మొక్కజొన్న వంటి గింజల పిండినుండి తీసిన మాల్టోడెక్స్‌ట్రిన్ అనియు తెలియును. 100 గ్రాముల కందిపప్పులో 22 గ్రాముల మాంసకృత్తులు గలవు. దాని పొట్లముపై వస్తాదు బొమ్మ లేకపోవుటయే అది చేసిన నేరము. కండ పెంచుటకై ప్రొటీను పొడులను వాడవలదని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ తన 2024 నాటి ఆహార మార్గదర్శకములలో సలహా ఇచ్చినది. ఆ సంస్థ వెలసిన నగరముననే డబ్బాల దుకాణములు దీపాలంకారములతో వర్ధిల్లుచున్నవి. వీరఘట్టమున పుట్టి, ఏనుగును ఱొమ్ముపై నిలుపుకొని దేశదేశముల మెప్పు గడించిన కోడి రామమూర్తినాయుడుగారు 1942లోనే గతించిరి. పాపము, ఈ పొడుల రుచి చూడకయే పోయిరి.

కటింగు నిజముగా చేసినవారును లేకపోలేదు. 2012లో 'పూల రంగడు' చిత్రమున హాస్యనటుడు సునీల్ ఆరు పలకల ఉదరముతో కనబడినది మొదలు, తనకును అది సాధ్యమేయని నమ్మిన పెండ్లికుమారుడు, లగ్నమునకు ఆరు వారములుండగా మేలుకొనును. ఉదయము కీరదోసకాయ, రాత్రియు కీరదోసకాయ, నడుమ ట్రెడ్‌మిల్లు. గ్రుడ్లు మానును, నీరసము చేత బరువులును మానును, కనుక కొవ్వుతోపాటు, అన్ని నెలల బల్కింగులో చిక్కిన పిడికెడు కండయు సెలవు పుచ్చుకొనును. పీటలపై కూర్చుండునాటికి తూకము పూర్వపు తూకమే. బుగ్గలు మాత్రము పీల్చుకొనిపోయి యుండును. "బిడ్డ చిక్కిపోయాడమ్మా" అని అత్తగారు విస్తరిలో నాలుగవ బొబ్బట్టు వేయుటతో ద్వితీయ బల్కింగు ప్రారంభమగును.

ఇంతకును నాకు నవ్వు తెప్పించునది వేరొకటి. పొట్టగలవాడు, అందును బరువులెత్తుట క్రొత్తగా మొదలిడినవాడు, కండకొరకు మిగులు తినవలసిన పనియే లేదు. ఒక కిలో ఒంటికొవ్వులో సుమారు 7,700 కేలరీలు నిలువయుండును; ఐదు కిలోలు అదనముగా మోయువాని యొద్ద 38,500 కేలరీలు మురుగుచున్నవి. కొవ్వు కండగా మారదు, నిజమే. కాని కండ కట్టుటకు వలయు శక్తిని అది ఈయగలదు. అట్టివాడు తిండి కొంచెము తగ్గించి, ఒంటిబరువులో కిలోకు 1.6 గ్రాముల చొప్పున, అనగా 70 కిలోలవాడైన 112 గ్రాముల మాంసకృత్తులను పప్పు, పెరుగు, గ్రుడ్లు, చేప, కోడిమాంసముల నుండి సమకూర్చుకొని, స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, బెంచ్ ప్రెస్సులను వారమునకు మూడు దినములు, బరువును క్రమముగా హెచ్చించుచు చేసి, వేళకు నిద్రించినచో, కొవ్వు తగ్గుటయు కండ పెరుగుటయు ఏకకాలముననే జరుగును. కాని ఇందు వేడుక యేది? తూకపుయంత్రపు ముల్లు కదలదు. మేనమామకు చెప్ప గంభీరమైన మాట దొరకదు. అర్ధరాత్రి బిర్యానీకి అనుమతిపత్రము రాదు.

కావున పాఠకులారా, మీలో ఎవరైన రేపటినుండి బల్కింగని తలచియున్నచో, ముందుగా దర్జీ టేపు తెచ్చి నడుము కొలుచుకొనుడు. ఊపిరి బిగపట్టవలదు. మన దేశీయులలో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడువారికి 80 సెంటీమీటర్లు వైద్యులు పెట్టిన హద్దు. ఆ హద్దు దాటినవారు బల్కింగు చేయనక్కరలేదు, ఇదివఱకే చేసియున్నారు.