కిలోమీటర్ల బాకీదారు

హైదరాబాద్ మారథాన్ జరిగేది ఆగస్టు చివర్లో. 16 వారాల శిక్షణ అనుకున్నవాడు అక్కణ్నుంచి వెనక్కి లెక్క వేసుకుంటే మే నెల మొదట్లోనే కాలు కదపాలి. పెళ్లి ముహూర్తాలు, పిల్లల వేసవి సెలవులు, అత్తారింటి మామిడిపళ్లు, ఆఫీసు పని మీద అమెరికా ప్రయాణం, ఇవన్నీ మీద పడేదీ ఆ రోజుల్లోనే. ఈ ఇరకాటంలోంచి పుట్టుకొచ్చినవాడే ఊళ్లు తిరుగుతూ కూడా పరుగు ఆపని పరుగాయన. వయసు నలభై దాటింది. కాపురం గచ్చిబౌలికో కొండాపూర్‌కో దగ్గర. ఎడమచేతికి గార్మిన్ గడియారం, ఫోనులో స్ట్రావా, నోట్లో పేస్, టెంపో, లాంగ్ రన్ అనే మాటలు. ఇంటిపట్టున ఉన్నప్పుడు ఇతను మామూలు మనిషే. వారానికి నాలుగు రోజులు పరిగెత్తి, ఐదో రోజు మబ్బు పట్టిందని ముసుగు తన్నుతాడు. సూట్‌కేసు అటక మీంచి దిగిందంటే మాత్రం మనిషి మారిపోతాడు. పెట్టెలో ముందు బూట్లు పెట్టి, మిగిలిన చోట్లో సంసారాన్ని సర్దుకోమంటాడు. శిక్షణ పట్టికను ఇతను చదివే తీరే వేరు. మంగళవారం 8, గురువారం 10, ఆదివారం 24 కిలోమీటర్లు అని రాసి ఉంటే, అవి ఇతని కంటికి సలహాలు కావు, కట్టి తీరాల్సిన వాయిదాలు. ఎగ్గొడితే వడ్డీ పడుతుంది. నేను చెప్పేదేమంటే, ప్రయాణంలో ఇతను పడే అగచాట్లు కాళ్ల కోసం కాదు, ఖాతా కోసం. ఊళ్లు తిరగడం వల్ల కాళ్లకు పోయేది స్వల్పం. కొంప మునిగేది ఇంటికొచ్చాక, పాతబాకీ మొత్తం ఒక్క ఆదివారంలో తీర్చేయబోయినప్పుడు.

ముందు అగచాట్ల సంగతి. ఊరు కలిసొస్తే ఇతనికి లోటేమీ ఉండదు. విశాఖలో తెల్లవారుజామున బండ్లు ఆపేసే బీచ్ రోడ్డు ఉంది, రాజమండ్రిలో గోదావరి గట్టుంది, వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్ట ఉంది. తిరుపతి వెళ్తే అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లున్నాయి. మొక్కూ కొండ పరుగూ ఒకే ఖర్చులో తేలిపోతాయి. గోవిందనామాల మధ్య గుండెవేగం చూసుకోవడం ఒక్కటే అదనం. చిక్కల్లా ఊరు కలిసిరానప్పుడే. హోటల్లో ట్రెడ్‌మిల్ ఉంటే దాన్ని ఒక శాతం ఎత్తు పెడతాడు. ఆరుబయట ఎదురయ్యే గాలికి ఆ ఎత్తు బదులవుతుందని 1996లో జోన్స్, డౌస్ట్ అనే పరిశోధకులు తేల్చిన మాట నిజమే. వేగం తక్కువైతే ఆ తేడా లెక్కలోకి రాదన్న రెండో సగం ఇతనికి గుర్తుండదు, ఇతని వేగం వచ్చేది ఆ రెండో సగంలోకే కాబట్టి. ట్రెడ్‌మిల్ లేకపోతే కారిడార్. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఒక ఫ్రెంచి ఆయన ఏడు మీటర్ల బాల్కనీలో అటూ ఇటూ తిరిగి మారథాన్ దూరం పూర్తిచేశాడు. అది ఆయన పట్టుదలో పక్కింటివాళ్ల ఖర్మో తేల్చడం కష్టం గానీ, లాడ్జీ మూడో అంతస్తులో గదుల ముందు తెల్లవారకుండానే టపటపలాడే బూట్లకు అప్పట్నుంచీ ఒక దాఖలా దొరికింది. ఇంకా గట్టి సాక్ష్యం అడిగితే జటోపెక్ పేరు తీస్తాడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన ఆ చెక్ వీరుడు, స్నానాల తొట్టిలో మాసినబట్టలు నానేసి వాటిమీద నిలబడ్డచోటే పరిగెత్తాడని కథ చెబుతారు. ఈ కథ విన్న ఏ ఇల్లాలైనా, ఆయన బట్టలు కూడా ఉతికాడన్న ముక్క దగ్గర ఆగుతుంది. పరుగాయన ఆగడు.

పల్లెలో పెళ్లికి వెళ్తే పాట్లు మరో రకం. పరుగుకు కారణం ఉండాలని నమ్మే లోకం అది. బస్సు వెళ్లిపోతూ ఉండాలి, లేదా గేదె తాడు తెంపుకోవాలి, లేదా ఎవరికో ప్రాణం మీదికి రావాలి. ఈ మూడూ లేకుండా ఒక పెద్దమనిషి చీకట్లో పరిగెడుతుంటే పాలక్యాన్ల బండి ఆగి తీరుతుంది. "ఎక్కండి బాబూ, సెంటర్లో దింపేస్తా." వద్దంటే ఆ పాలాయనకు జాలి ఇంకా పెరుగుతుంది. కుక్కలకు ఆ జాలి కూడా ఉండదు. ఆ ఊళ్లో వేగం పెంచే శిక్షణ అంతా వాటి చేతిలోనే ఉంటుంది. నిక్కరుతో వీధరుగు దిగిన అల్లుణ్ని చూసి మావగారు పేపరు కాస్త పైకి ఎత్తుకుంటారు. అత్తగారి బెంగ వేరు. రాత్రి వడ్డించింది అరగలేదేమోనని ఆవిడకు అనుమానం. నేరుగా అడగలేక కూతుర్ని పక్కకి పిలుస్తుంది: "అమ్మాయ్, అల్లుడుగారికి వాముపొడి కలిపివ్వనా?" నవ్వుకోవచ్చు గానీ, ఆ ఊరు అడిగేది సరైన ప్రశ్నే. ఎందుకు పరిగెడుతున్నట్టు? నాలుగు రోజులు మానేస్తే ఫిట్‌నెస్ పోతుందని పరుగాయన జవాబు.

పోతుందా? ఎంత పోతుందో కొలిచినవాళ్లున్నారు. 1984లో కోయిల్ బృందం బాగా శిక్షణ పొందిన ఏడుగురి చేత వ్యాయామం పూర్తిగా మాన్పించి చూసింది. శరీరం ఆక్సిజన్‌ను వాడుకోగల గరిష్ఠ సామర్థ్యం, రన్నర్లు వీఓ2 మ్యాక్స్ అనేది, 21 రోజులకు 7 శాతం తగ్గింది. 56 రోజులకు 16 శాతం తగ్గి అక్కడ నిలిచింది. మూడు వారాలు బూటు ముట్టకపోతే జరిగే నష్టం అది. పెళ్లికి వెళ్లొచ్చే నాలుగు రోజుల్లో ఏమి పోతుందో తూకానికే అందదు. అంతకన్నా కళ్లు తెరిపించేవి రాబర్ట్ హిక్సన్ బృందం అమెరికాలో 1980ల్లో చేసిన పరీక్షలు. రోజుకు 40 నిమిషాలు, వారానికి ఆరు రోజుల చొప్పున పది వారాలు గట్టిగా చేయించి, ఆ తర్వాత కొందరికి నాలుగు రోజులకు, కొందరికి రెండు రోజులకు కుదించారు. 15 వారాలు గడిచినా వీఓ2 మ్యాక్స్ చెక్కుచెదరలేదు. ఇంకో విడత రోజులు అలాగే ఉంచి నిమిషాలను 13 దాకా కోసినా నిలబడింది. తీవ్రత తగ్గించిన విడతలో మాత్రం పడిపోయింది. అంటే ప్రయాణంలో చేయాల్సిన పని ఏమైనా ఉంటే, వారానికి రెండుసార్లు గట్టిగా ఆయాసపడటం. పరుగాయన చేసేది దీనికి సరిగ్గా తిరగేసి. రోజూ గంటసేపు కారిడార్‌లో నింపాదిగా అడుగులు కూడబెడతాడు. ఆయాసాన్ని వదిలేసి దూరాన్ని పట్టుకుంటాడు. పట్టికలో గడి ఉన్నది దూరానికే మరి.

దీనికి అతని దగ్గర జవాబుంది, తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. 35వ కిలోమీటరు దగ్గర మనిషిని నిలబెట్టేది వీఓ2 మ్యాక్స్ ఒక్కటే కాదు, గంటల తరబడి నలిగిన కాళ్ల అలవాటు. హిక్సన్ పరీక్షల్లో కూడా 13 నిమిషాలకు కుదించినవాళ్లకు ఎక్కువసేపు ఓర్చుకునే శక్తి కొంత తగ్గింది. కాబట్టి ఒప్పుకోవాల్సిందే, ఎగ్గొట్టకూడని పరుగు ఒకటుంది. పోటీ దగ్గరపడ్డ నెలన్నరలో వచ్చే లాంగ్ రన్ అది. దానికోసం ప్రయాణాన్ని ఒక రోజు అటో ఇటో జరపడం తెలివైన పనే. పరుగాయన జరపడు. జరపాలంటే బావమరిదితో మాట్లాడాలి, కారిడార్‌తో ఎవరూ మాట్లాడనక్కర్లేదు. ఇక రెండో ఆక్షేపణ: ఒకసారి వదిలితే అలవాటే పోతుంది. ఈ భయం పట్ల నాకు గౌరవముంది. ముప్పై ఎనిమిదో ఏట డాక్టరు షుగరు రిపోర్టు చూసి కళ్లజోడు తీస్తే పరుగు మొదలుపెట్టిన మనిషికి, ఆ పరుగు ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో తెలుసు. తన బద్ధకం గురించి తనకు తెలిసినంతగా ఏ పరిశోధకుడికీ తెలియదు. కానీ అలవాటు నిలవడానికి లేసులు కట్టుకుని ఇరవై నిమిషాలు బయటికి వెళ్లొస్తే సరిపోతుంది. పూర్తి వాయిదా కట్టకపోతే అలవాటు చచ్చిపోతుందనేది బద్ధకస్తుడి భయం కాదు, బాకీదారుడి భయం.

అమెరికా వెళ్లొచ్చే పరుగాయనకు తన శరీరం గురించి దొంగ కబుర్లు ఎక్కువ అందుతాయి. బే ఏరియాలో చల్లటి పొద్దు, నున్నటి కాలిబాట, గొలుసు కట్టిన కుక్కలు. కిలోమీటరుకు ఇరవై సెకన్లు తగ్గేసరికి తనలో ఇన్నాళ్లూ నిద్రపోయిన వీరుడెవరో లేచాడనుకుంటాడు. జూన్‌లో శంషాబాద్‌లో దిగాక మొదటి వారం రాత్రి రెండింటికే మెలకువ వస్తుంది. మూడున్నరకల్లా రోడ్డు మీద ఉంటాడు. వాచ్‌మన్ దగ్గర్నుంచి వాట్సాప్ గ్రూపు దాకా అందరూ ఆహా క్రమశిక్షణ అంటారు. కాదు, అప్పుడు కాలిఫోర్నియాలో మధ్యాహ్నం మూడు గంటలు. లోపలి గడియారం సుమారుగా రోజుకో గంట చొప్పున సర్దుకుంటుంది కాబట్టి ఈ క్రమశిక్షణ ఆయుష్షు పది పన్నెండు రోజులు. ఈలోగా ఎండ తన పని మొదలుపెడుతుంది. త్వరగా చెమట పట్టడం, రక్తంలో ప్లాస్మా పెరగడం వంటి మార్పులతో శరీరం వేడికి అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు కావాలి. చల్లటి చోట కొన్ని వారాలు గడిపితే ఆ అలవాటు కరిగిపోతుంది. అందుకే అక్కడ పాడుకుంటూ పరిగెత్తిన వేగానికి ఇక్కడ గుండె దడదడలాడుతుంది. పది రోజులు నెమ్మదిగా పరిగెడితే సర్దుకునే వ్యవహారం. పరుగాయన మాత్రం గడియారంలో అంకె చూసి, ఎయిర్‌పోర్టుల్లో పోయిన కిలోమీటర్లే తనను దెబ్బతీశాయని తీర్మానించుకుంటాడు. ఆ రాత్రి పట్టిక తెరుస్తాడు. ఎగ్గొట్టిన పరుగులకు ఎర్రరంగు పడ్డ గడులన్నీ కూడుతాడు.

మొత్తం కథలో ప్రమాదకరమైన క్షణం ఆ కూడిక. గుండె, ఊపిరితిత్తులు త్వరగా దారికొస్తాయి. స్నాయువులకూ ఎముకలకూ ఎక్కువ కాలం పడుతుంది. అందువల్ల తిరిగొచ్చిన మనిషికి ఛాతీ సరేనంటుంది, పిక్క వద్దంటుంది, ఛాతీ మాటే గట్టిగా వినబడుతుంది. 2025లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం ఐదు వేలమందికి పైగా రన్నర్లను గమనించింది. గత 30 రోజుల్లో పరిగెత్తిన అతి పెద్ద దూరాన్ని ఒకే పరుగులో 10 శాతానికి మించి దాటినవాళ్లకు గాయాల ముప్పు పెరిగిందని తేల్చింది. వారం మొత్తం ఎంత అన్నదాని కన్నా ఒక్కసారిగా ఎంత అన్నదే అక్కడ ముఖ్యమైంది. ప్రయాణంలో 8 కిలోమీటర్లు దాటనివాడు తొలి ఆదివారమే పాతదీ కొత్తదీ కలిపి 28 కొట్టడం దేని కిందికి వస్తుందో చెప్పనక్కర్లేదు. ప్రభుత్వాలు కోట్ల రూపాయల రుణమాఫీ ప్రకటిస్తుంటే సంతోషంగా చదివే ఈ మనిషి, తనకు తాను 16 కిలోమీటర్లు మాఫీ చేసుకోలేడు. ఫిజియోథెరపీ బల్ల మీద పడుకుని కూడా పట్టికనే తలచుకుంటాడు. ఇంట్లో రెండు వారాల మాసినబట్టలు, పిల్లల యూనిఫాంలు, కరెంటు బిల్లు, అత్తారింట్లో పరుగు కోసం ఎగ్గొట్టిన కబుర్లు కూడా బాకీలే. వాటికి గడులు గీయలేదు కాబట్టి అవి ఎర్రబడవు.

ఇంతసేపూ పరుగాయన అన్నాను, పరుగావిడ అనలేదు. మరిచిపోయి కాదు. తెలియని ఊళ్లో, చీకటి రోడ్డు మీద, ఆవిడకు కారిడారూ ట్రెడ్‌మిల్లూ పిచ్చి కాదు, మిగిలిన దారి. పాలక్యాన్ల బండి ఆవిణ్ని ఎక్కించుకోదు, నేరుగా వెళ్లి ఊరందరికీ కబురు చెబుతుంది. ఆవిడ మీద హాస్యం రాయాలంటే ముందు ఆ ఊరి మీద రాయాలి. అది వేరే వ్యాసం.

పరుగాయన అసలు స్వరూపం తెలియాలంటే సంక్రాంతికి చూడాలి. ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం, అంటే పండగ అయిన వెంటనే. పోటీ ముందు రెండు వారాలు దూరాన్ని 41 నుంచి 60 శాతం దాకా కోసి, వేగాన్ని మాత్రం కొయ్యకుండా ఉంచితే ఫలితం బాగుంటుందని బోస్కే బృందం 2007లో పాత అధ్యయనాలన్నీ కలిపి చెప్పింది. రన్నర్ల భాషలో దీని పేరు టేపర్. కోనసీమలో అమ్మమ్మగారి ఇల్లు, పిండివంటలు, మధ్యాహ్నం నిద్ర: ఇంత చక్కటి టేపర్‌ను ఏ కోచ్ అయినా డబ్బు తీసుకుని రాసివ్వాలి, పంచాంగం ఉచితంగా ఇస్తోంది. కనుమ నాడు కాకైనా కదలదంటూ అమ్మమ్మ అడ్డుపడుతుంది. బిబ్ అనే నంబరు చీటీ తీసుకోవడానికి పోటీకి ముందే ముంబై చేరాలి కాబట్టి ఆవిడ ప్రయాణాన్ని ఆపలేదు. ఆపాల్సిన పరుగు ఆవిడకు కనబడదు. డిసెంబరులో క్లయింటు పని మీద బెంగళూరు వెళ్లినప్పుడు ఎగిరిపోయిన 18 కిలోమీటర్లను ఇతను భోగి నాడు ఆరు, పండగ నాడు ఆరు, కనుమ నాడు గారెల మూకుడు పొయ్యెక్కక ముందే ఆరు చొప్పున కాలవగట్టు మీద కట్టేస్తాడు. రాత్రి రాజమండ్రిలో ఎక్కిన విమానంలో అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకుని, పిక్క రుద్దుకుంటూ, డిసెంబరు గడికి పచ్చరంగు వేసుకుంటాడు.