‘స్మెల్ నాట్ ఫౌండ్’ అను సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలం

చెక్డ్. స్మెల్ నాట్ ఫౌండ్. ఓకే.

అవతారిక

ఈ సూత్రం ఒక కార్ల సర్వీస్ సెంటర్ వారి జాబ్‌కార్డులో, ‘టెక్నీషియన్ రిమార్క్స్’ అనే గడిలో, నీలం బాల్‌పెన్నుతో రాసి ఉండగా లభించింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడు ప్రతులనూ పక్కపక్కన పెట్టి పరిష్కరించాను. పాఠభేదం ఒక్కటే: రెండో ప్రతిలో స్మెల్‌కు ఒక ‘ఎల్’ తక్కువ. కర్త ఎవరో తెలియదు. సంతకం నీళ్లలో చేప మెదిలినట్టుంది. కాలం నిరుటి ఎండాకాలం. దేశం, మా బొగ్గు ఊరు గోదావరిఖని నుంచి రాజీవ్ రహదారి మీద అరవై కిలోమీటర్లు పోతే వచ్చే ఊరు. సందర్భం, నా కారులో వచ్చీ రాక, పోయీ పోక సతాయిస్తున్న పెట్రోల్ వాసన.

సూత్రంలో అరమాత్ర తగ్గితే చాలు, వ్యాకరణవేత్త కొడుకు పుట్టినంత సంబరపడతాడని పెద్దల మాట. ఈ సూత్రకారుడు నా కారును పొద్దున తొమ్మిదింటికి తీసుకుని, సాయంత్రం అయిదింటికి అప్పగిస్తూ అయిదే అయిదు మాటలు రాశాడు. ఆ లెక్కన ఆయనది చాలా పెద్ద సంసారమై ఉండాలి.

కోలాచలం మల్లినాథసూరి మా పొరుగు మెతుకుసీమవాడు. ఆధారం లేనిది రాయననీ, అవసరం లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసు కావ్యాలకు టీక రాశాడు. ఆ ఒట్టులో మొదటి సగానికి నేనూ కట్టుబడతాను. రెండో సగానికి కట్టుబడితే ఈ వ్యాసం ఇక్కడితో సమాప్తం.

ప్రతిపదార్థం

చెక్డ్ = పరీక్షింపబడినది. ఎవరు పరీక్షించారు, ఏ వేళ, ఏ పద్ధతిన అనే మూడు ప్రశ్నలు ఆ ‘బడి’న చెట్టు చాటున దాక్కున్నాయి.
స్మెల్ = వాసన. దీని మీద విచారం ముందుంది.
నాట్ = స్పష్టము.
ఫౌండ్ = స్పష్టము.
ఓకే = స్పష్టము.

తెలిసిన మాటకు రెండు పుటలు, పాఠకుడు తల గోక్కునే చోట ‘స్పష్టము’: ఇది టీకాకారుల కులాచారం. ఇక్కడి గొడవంతా ‘నాట్’లోనే ఉంది కాబట్టి ఆచారం తప్పకుండా దాన్ని దాటేశాను.

స్మెల్ శబ్ద విచారం

కంపు అంటే మనకు ముక్కు మూసుకోవలసిన సంగతి. కృష్ణ దాటి కన్నడదేశంలో అడుగుపెడితే అదే కంపు పరిమళం. వాసన అంటే లోకానికి ముక్కుకు తగిలేది; వేదాంతికి మాత్రం వెనకటి అనుభవాలు మనసులో వదిలిపోయిన ముద్ర. ఆ వాసనలు నశిస్తే తప్ప మోక్షం లేదంటాడు. సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు ఈ రెండో అర్థమే గ్రహించాడు. “ఒక్కసారి వచ్చిందంటే సార్, తర్వాత రాకపోయినా వచ్చినట్టే అనిపిస్తుంది” అన్నాడు. ఇంత చిన్న వయసులో ఇంత వేదాంతమా అని ముచ్చటేసింది. కాని వేదాంతం చెప్పి లేబర్ ఛార్జీ వేయాలన్న ఆలోచన ఆదిశంకరులకు కూడా తట్టలేదు.

తార్కికుల దారి వేరు. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. ఆ శాస్త్రంలో గంధం పృథివికి మాత్రమే ఉన్న గుణం; నీటికి వాసన ఉందంటే అందులో మట్టి రేణువులు కలిశాయన్న మాట. మరి పెట్రోల్ ద్రవం కదా, దానికి వాసనేమిటి? భూమిలోంచి తోడి తెచ్చిందే కాబట్టి తార్కికులే గెలిచారు. గంధం సురభి, అసురభి అని రెండు రకాలన్నారు. పెట్రోల్ ఏ రకమో మాత్రం తేలలేదు. బంకులో ఆగినప్పుడు మా మనవడు అద్దం దించి ఇష్టంగా పీలుస్తాడు. మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంటుంది. శాస్త్రం ఈ ఇంటి తగాదాలోకి రాలేదు.

తర్కం చదివేవాడికి మొదటి రోజే ఒక కొండను చూపిస్తారు. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది. కాశీలో విద్యార్థి ఆ కొండను కళ్లు మూసుకుని ఊహించుకోవాలి. మా పిల్లలు బడి బస్సు కిటికీలోంచి చూస్తారు. ఓపెన్‌కాస్టుల్లో తవ్విపోసిన మట్టిగుట్టలు మా ఊరి చుట్టూ కొండల్లా లేచాయి. ఆ మట్టిలో కలిసిపోయిన బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే లోలోపల కాగుతుంది. ఒకనాడు కొసన సన్నగా పొగ. అనుమాన ప్రమాణానికి ఇంత కంటికెదురు ఉదాహరణ ఉన్న ఊరు మరొకటి ఉందేమో, ఉంటే అదీ బొగ్గు ఊరే అయి ఉంటుంది.

నేల మీద సంగతి ఇది. నేల కింద, అంటే మావాళ్ల మాటలో ‘బాయిల’, పొగ కంటే ముందు వాసన వస్తుంది. బొగ్గు తీసేసి వదిలిన ఖాళీ జాగాను గోఫ్ అంటారు. అందులో మిగిలిన బొగ్గు చూర కాగడం మొదలైతే ముందు గాలిలో ఉక్క, గోడలకు చెమట. ఆ తర్వాత ఒక సన్నని కమురు. ఆ వాసన ఎలా ఉంటుందని మైనింగ్ పుస్తకాలను అడిగితే పెట్రోల్ లాగా, కిరోసిన్ లాగా ఉంటుందంటాయి. చూడండి చిత్రం! లోకమంతా పెట్రోల్ వాసన బంకులో నేర్చుకుంటే, ఈ ఊళ్లో కొన్ని వందల ముక్కులు దాన్ని ప్రాణభయంతో, చీకట్లో నేర్చుకున్నాయి. బాయిలో అసలు హంతకులకు వాసనే ఉండదు. మీథేన్‌కు లేదు, కార్బన్ మోనాక్సైడ్‌కు లేదు. వాటితో పోలిస్తే పెట్రోల్ ఎంతో మర్యాద తెలిసింది; రాబోతున్నానని ముందే కబురు పంపుతుంది. అలాంటి కబురు మోసుకొచ్చినవాణ్ణి…

కారు సంగతి మరిచాను.

పూర్వపక్షం

వాసన రోజూ రాదు. వారం రోజులు ఉండదు. ఒక మధ్యాహ్నం డోరు తీయగానే గుప్పుమంటుంది. మొదటిసారి తీసుకెళ్తే బానెట్ ఎత్తారు, గాలి కొట్టారు, దించారు. రెండోసారి లోపలంతా కడిగి, ఏసీ రెక్కకు మల్లెల వాసన సీసా ఒకటి తగిలించారు. అది ఉచితం కాదు. ఆ తర్వాత వాసన వచ్చినప్పుడల్లా పెట్రోల్ బంకు పక్కన పూలకొట్టు పెట్టినట్టుండేది. మూడోసారి ‘జనరల్ చెకప్’ అని బిల్లు వేసి, “మేం నలుగురం కూర్చుని చూశాం సార్” అన్నారు. నలుగురి ముక్కు ముందు నా ఒక్క ముక్కు ఓడిపోయింది. రిటైరైన మాస్టారి ముక్కు, అందులోనూ నస్యం అలవాటున్న ముక్కు అని వాళ్లకు నేనే చెప్పడం నా పొరపాటు.

ఇప్పటి ప్రతి పెట్రోల్ కారులోనూ ఒక బొగ్గు డబ్బా ఉంటుందని కూడా వాళ్లెవరూ నాకు చెప్పలేదు. ట్యాంకులో లేచిన ఆవిరిని గాలిలోకి పోనీయకుండా ఆ బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజన్ నడిచేటప్పుడు వాల్వు తెరుచుకుంటే ఇంజనే దాన్ని పీల్చి కాల్చేస్తుంది. బంకులో గన్ను టక్కుమని ఆగాక కూడా “రౌండ్ ఫిగర్ చెయ్ తమ్మీ” అని పోయించుకుంటామే, ఆ పోసినదానిలో కొంత ఆవిరి గొట్టం దారిన డబ్బాలోకి దిగి బొగ్గును తడిపేస్తుంది. ఆ తమ్మీ అన్న గొంతులో నాదీ ఉంది, ఒప్పుకుంటున్నాను. నా కారులో డబ్బా బాగానే ఉందని తర్వాత తేలింది. కాని బొగ్గు జీతంతో బతికిన ఊరివాడికి, నీ కారులోనూ బొగ్గే కాపలా కాస్తోందయ్యా అని చెప్పేవాడు ఒక్కడు లేకపోవడం బాధగా ఉంది. ఇది టీకలో రాయవలసిన మాట కాదు. రాశాను.

సిద్ధాంతం

ఇప్పుడు ‘నాట్’ దగ్గరికి వద్దాం. ఒక వస్తువు లేదని మనకెలా తెలుస్తుంది? భాట్ట మీమాంసకులు దీనికోసం ఒక ప్రమాణాన్నే ప్రత్యేకంగా ఒప్పుకున్నారు. దాని పేరు అనుపలబ్ధి, కనబడకపోవడం. కాని అక్కడొక చీలకొట్టారు. ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితిలో కనబడకపోతేనే లేనట్టు. వెలుగున్న గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదు. చీకటి గదిలో కనబడలేదంటే దీపం లేదు. కాబట్టి ‘స్మెల్ నాట్ ఫౌండ్’ అక్షరాలా సత్యం. దాని పక్కన ‘ఓకే’ అసత్యం. ఈ రెండింటి మధ్య ఉన్న చుక్కలో అరవై కిలోమీటర్ల దూరముంది.

ఎందుకంటే, తర్కంలో ఇంకో ముడి ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. తడి కట్టె తగలాలి. దాన్ని ‘ఆర్ద్రేంధన సంయోగం’ అన్నారు, అది ఉపాధి, అంటే షరతు. ఆర్ద్రేంధనమంటే తడిసిన ఇంధనం. వందల ఏళ్ల నాడే నా కారు రోగానికి పేరు పెట్టి పోయారు మహానుభావులు! నేనే చూసుకోలేదు.

చూసినవాడు ఎదురింటి సర్దార్ మామ. బాయిలో మైనింగ్ సర్దార్‌గా చేసి దిగినవాడు. తర్కం చదవలేదు. మల్లెల సీసాను వేలితో ఒకసారి తట్టి అడిగాడు: “ఎప్పుడొస్తది సారూ? ట్యాంకు నిండ పోసినంకనా, సగముంటెనా? ఎండల పెట్టినంకనా, నీడకా?”

మూడు ట్రిప్పుల్లో, మూడు జాబ్‌కార్డుల్లో, నలుగురు పెద్దమనుషుల్లో ఎవరూ అడగని ప్రశ్న. ఆలోచిస్తే ప్రతిసారీ ఫుల్ ట్యాంక్ చేయించిన రోజే. సర్వీసుకు బయల్దేరేటప్పుడూ ఫుల్ చేయించేవాణ్ణి. దారిలో నాలుగైదు లీటర్లు కాలిపోయి, మట్టం దిగిపోయి, అక్కడ షెడ్డు నీడలో ఫ్యాను కింద కారు చల్లబడేది. అంటే రోగాన్ని దారిలో దింపేసి, రోగిని మాత్రం తీసుకెళ్లేవాణ్ణన్న మాట.

“బాయిల గ్యాసు గూడ ఒక్కతీరుగ ఉండది సారూ,” అన్నాడు మామ. “మబ్బు వట్టి గాలి వత్తిడి తగ్గిందంటే పాత గోఫు ఊపిరి ఇడుస్తది. నిన్న లేదని ఇయ్యాల లేదనొద్దు.”

మర్నాడు ట్యాంకు నిండా పోయించి, అద్దాలు బిగించి, మే నెల ఎండలో గంటసేపు పెట్టాం. మామ ముందు జేబులు తడుముకున్నాడు. బాయి దిగేముందు బీడీలు, అగ్గిపెట్టె లేవని చూసుకునే పాత అలవాటు. నా ఫోను అరుగు మీద పెట్టించాడు. ఉద్యోగమంతా ఆ మనిషి దీపాన్ని పైకప్పుకేసి ఎత్తి, వత్తి తగ్గించి, మంట మీద నీలి టోపీ కనబడుతుందేమోనని చూసినవాడు. మీథేన్ గాలి కంటే తేలిక, పైన చేరుతుంది. పెట్రోల్ ఆవిరి గాలి కంటే మూడు నాలుగింతలు బరువు, కిందికి జారుతుంది. ఇది ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. డోరు తీసి, తలెత్తకుండా, మోకాళ్ల మీద కూర్చుని వెనక సీటు అంచున ముక్కు పెట్టాడు. “ఈడ,” అన్నాడు.

బ్యాటరీ తీగ విప్పించి, సీటు లేపాం. కింద రేకు మూత, నాలుగు స్క్రూలు. మూత కింద పెట్రోల్ పంపు బిళ్ల. దాని చుట్టూ ఏడాది దుమ్ము తెల్లగా పేరుకుని ఉంది. ఒక్క పక్కన మాత్రం తడిసి, నెలవంకలా నల్లబడింది. అంతే. మూడు నెలలు నన్ను పిచ్చివాణ్ణి చేసింది ఆ వేలెడు నెలవంక. అంతకుముందు వానాకాలంలో పంపు మార్చినప్పుడు దాని కింది రబ్బరు రింగు మార్చాలి. బిగుసుకుపోయిన పాతదే మళ్లీ పెట్టారు. ట్యాంకు నిండి, ఎండకు లోపల ఒత్తిడి పెరిగితే అక్కడ చెమ్మగిల్లుతుంది. మట్టం దిగితే ఆరిపోతుంది. శకుంతల కథలో ఉంగరం దొరికితే దుష్యంతుడికి అన్నీ గుర్తొచ్చాయి. ఇక్కడ ఉంగరం దొరికాక కూడా ఎవరికీ ఏమీ గుర్తు రాలేదు. కొత్త రింగు ఖరీదు మల్లెల సీసా కంటే తక్కువ.

తాత్పర్యం

“మీ దగ్గర ఎవరన్నా వాసనొస్తుందంటే ఏం జేస్తరు మామా?” అని అడిగాను.

“ముందుగాల మనుషులను బయటికి తీస్తం. ఏం లేదని తేలినంక అందరం కూసోని నవ్వుకుంటం. లేదని ఊకె రాయరాదు సారూ. ఏడ చూసినవ్, ఎన్ని గొట్టంగ చూసినవ్, దేనితోని చూసినవ్, బుక్కుల రాసి సంతకం పెట్టాలె. ఎన్కవచ్చే షిఫ్టోడు దాన్ని సదివే దిగుతడు.”

ఈ వాక్యాన్ని మించిన భాష్యం నాకు చేతకాదు కనుక దాన్నే పట్టుకుని, పాత రింగు జేబులో వేసుకుని, మళ్లీ అరవై కిలోమీటర్లు వెళ్లాను. మూడు జాబ్‌కార్డులూ బల్ల మీద పరిచాను. ఎక్కడ చూశారు, ఎప్పుడు చూశారు, ట్యాంకులో ఎంత ఉండగా చూశారు, ఇవి రాయాలి కదా నాయనా అన్నాను. కుర్రాడు రింగును చూడలేదు. జాబ్‌కార్డు నా వైపు తిప్పి, ‘టెక్నీషియన్ రిమార్క్స్’ గడిని పెన్ను మొనతో చూపించాడు. అడ్డంగా రెండంగుళాలు, నిలువునా అర.

“అయిదు మాటలకంటే పట్టవు సార్.”