‘ఒరిజినల్ రాదన్నా’: సటీక, సతాత్పర్యము

మూలం: “ఒరిజినల్ రాదన్నా. పాతది తెస్తే అచ్చం అట్లనే చేస్తా. రేపు రా.”

తాత్పర్యం: తొందరలో ఉన్న పాఠకుల కోసం దీన్ని ముందే చెప్పేస్తున్నాం. ‘నీ కారుకు సామాను దొరకదు, అయినా నీ కారు నడుస్తుంది’ అని భావం. తీరిక ఉన్నవాళ్లు కింది టీక చదువుకోవచ్చు.

అవతారిక: సూరత్‌కు ఆగ్నేయాన ఉన్న డిండోలి ఈ వాక్యానికి జన్మస్థలం. తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాల పిల్లలు మరమగ్గాల చప్పుడే జోలపాటగా పెరిగిన పేటల్లో ఇదొకటి. వక్త లేత్ మేస్త్రి. శ్రోత స్టాండర్డ్ హెరాల్డ్ అనే పాత కారు యజమాని. సందర్భం, ముందు చక్రం కింద ఒక ఇత్తడి ముక్క అరిగిపోవడం.

ఒరిజినల్ = కంపెనీ చేసినది. ఏ కంపెనీ? ఇక్కడే చిక్కు. హెరాల్డ్ పుట్టిల్లు ఇంగ్లండులోని కోవెంట్రీ, అక్కడి ట్రయంఫ్ వారు 1959లో విడుదల చేశారు. ఆకారం గీసినవాడు ఇటలీ మనిషి మికెలోట్టి. మనకు అందించింది మద్రాసులో 1948లో పుట్టిన స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్, 1961 నుంచి. ఈ బండి చట్రాన్నే కుదించి, పైన ఇద్దరు కూర్చునే తొడుగు వేసి 1962లో స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు. కనుక మన హెరాల్డ్ ఆ స్పోర్ట్స్ కారుకు సొంత అన్న. తమ్ముడికి పేరు వచ్చింది, అన్నకు సంసారం వచ్చింది.

రాదు = తయారీ ఆగిపోయింది. హెరాల్డ్ తర్వాత గజెల్ వచ్చింది, అదీ 1977లో పోయింది. 1985లో స్టాండర్డ్ 2000 వచ్చి మూడేళ్లలో ముగిసింది, ఫ్యాక్టరీ మూతపడింది. ‘స్టాకు లేదు’ అన్నప్పుడు ఉండే ఆశ ‘రాదు’లో లేదని గ్రహించాలి.

అన్నా = సంబోధన. వయసుతో నిమిత్తం లేదు. బిల్లు వెయ్యి దాటితే ‘సేఠ్’ అని పాఠాంతరం.

పాతది తెస్తే = అరిగిన ముక్క చేతికిస్తే. ముందు చక్రాన్ని మోసే నిలువు కడ్డీ అడుగుకొస మరలు కోసి ఉంటుంది. దానికి తొడిగే ఇత్తడి ముక్కే ట్రనియన్. స్టీరింగు తిప్పినప్పుడల్లా కడ్డీ ఈ మరలోనే తిరుగుతుంది. రెండు వైపులవీ ఒకటి కావు: ఒకటి కుడి మర, ఒకటి ఎడమ మర. స్పిట్‌ఫైర్‌కూ ఇవే. లోటస్ వారు తమ ఎలాన్ కారుకు ఇవే అరువు తెచ్చుకున్నారు.

మూలంలో లేనిది రాయనని మెదక్ సీమవాడైన వ్యాఖ్యాత మల్లినాథ సూరి ఒట్టు పెట్టుకున్నాడు. మేం ఆ ఒట్టు ఇక్కడ తప్పుతున్నాం, ఎందుకంటే మేస్త్రి చెప్పని మాట ఒకటి చెప్పకపోతే చక్రం పోతుంది. ట్రనియన్‌కు పట్టాల్సింది గ్రీజు కాదు, గేర్ ఆయిల్. గ్రీజు మరల లోపలిదాకా దిగదు. నీళ్లు చేరి కడ్డీ తుప్పు పడుతుంది, ఒకనాడు మలుపులో పుటుక్కున విరిగి చక్రం బండి కిందికి మడుచుకుంటుంది. గ్రీజు గన్ను చేతిలో ఉంటే కనిపించిన ప్రతి గ్రీజు నిపుల్‌కూ కొట్టే మెకానిక్కులు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

శంక: అరిగిన ముక్కను చూసి చేస్తే అరుగుదలకే నకలు తీసినట్టు కాదా?

సమాధానం: అవును, కొత్తవాడు చేస్తే. మేస్త్రి ముందు కిరోసిన్‌లో కడిగి, రాపిడి తగలని అంచు వెతికి అక్కడ వెర్నియర్ పెడతాడు. తర్వాత కడ్డీని కూడా తెమ్మంటాడు. మరకు మర జోడించి చేత్తో తిప్పుతూ ఎక్కడ వదులో వేళ్లతోనే పట్టుకుంటాడు. డ్రాయింగు అడిగితే నవ్వుతాడు.

అచ్చం అట్లనే = అలంకారం నిర్ణయించడం కష్టం. పొట్లంలో ఉన్నప్పుడు భ్రాంతిమంతం, అంటే నకలును అసలే అనుకోవడం. బిగించేటప్పుడు సందేహం. నూరు కిలోమీటర్లు తిరిగాక కొన్నిసార్లు అపహ్నుతి, అంటే ‘ఇది అది కాదు’ అని తేలడం. ఈ గొడవ డిండోలిదే కాదు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వారు ఎమ్‌జీబీ అనే కారు పాత అచ్చులు సంపాదించి, దాని తయారీ ఆగిన ఎనిమిదేళ్లకు, 1988లో కొత్త బాడీలు కొట్టారు. అది ఒరిజినలా, నకలా? అభిమానులు నేటికీ వాదించుకుంటారు, అదే వాళ్ల వినోదం. మా ఓటు ఒరిజినల్‌కే.

విదేశాల్లో పాత కార్ల సామాను వ్యాపారం పెద్దదే. హెరాల్డ్, స్పిట్‌ఫైర్ వర్గానికి 1977 నుంచి ట్రయంఫ్ స్పోర్ట్స్ సిక్స్ క్లబ్ ఉంది. లింకన్‌లో రిమ్మర్ బ్రదర్స్, అమెరికాలో మాస్ మోటార్స్ పాత బ్రిటిష్ కార్ల సామాను పెట్టెల్లో కట్టి పంపుతారు. హెరాల్డ్ బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించింది కావడం ఇందుకు కలిసొచ్చింది. కానీ హెరాల్డ్ వెనక తలుపు అడిగి చూడండి. బ్రిటన్‌లో నాలుగు తలుపుల హెరాల్డ్ ఎన్నడూ చేయలేదు, అది మద్రాసు సొంత సృష్టి. ఆ తలుపు కావాలంటే చెన్నై పుదుప్పేట పాత ఇనుములో వెతకాల్సిందే. ఒరిజినల్ మనదే అయిన ఒక్కచోటా, దాని అచ్చు దాచుకున్న దాత మనకు లేడు.

చేస్తా = ఇందులో గొప్పలు లేవు. మరమగ్గమూ ఇంగ్లండు సరుకే. దాన్ని కనిపెట్టిన కార్ట్‌రైట్ పేటెంటు 1785 నాటిది. మగ్గం ఆగితే ఆ పూట కూలి ఆగుతుంది, కంపెనీ సామాను కోసం ఎదురుచూసే తాహతు నేతగాడికి ఎన్నడూ లేదు. అందుకే ఈ పేటల్లో లేత్ నేర్చినవాడు మొదటిరోజు నుంచీ విరిగినదాన్ని చూసి కొత్తది చేయడమే నేర్చాడు. హెరాల్డ్ యజమాని సరదాగా అనుభవిస్తున్నది వీళ్లు అవసరంకొద్దీ నేర్చిన విద్య.

రేపు = మగ్గం వాళ్లకు నిజంగా రేపే. కారు వాళ్లకు, మగ్గం వాళ్లు ఎవరూ రాని రేపు. వరుసలో మగ్గం షాఫ్టు ముందు, కారు ట్రనియన్ వెనక. ఇది న్యాయమే. శ్రోత కూడా నేత ఇంటివాడే కనుక పేచీ పెట్టడు. అడ్వాన్సు ఇచ్చి, ఎడమ మర ముక్కను వేరే కాగితంలో చుట్టి, పైన పేరు, ఫోన్ నంబరు రాయించి వెళతాడు.