సౌరగృహస్థ లక్షణం

విజయవాడ, గుంటూరు వంటి పట్టణాల కాలనీల్లో ఇటీవల విస్తరిస్తున్న ఒక కొత్త సామాజిక వర్గానికి శాస్త్రీయమైన పేరు ఇంకా స్థిరపడలేదు కనుక, సౌకర్యం కోసం ఆ వర్గానికి చెందినవాణ్ణి సౌరగృహస్థు అని వ్యవహరించవచ్చు. కరెంటు వాడుకోవడంతో ఊరుకోక సొంత డాబా మీద దాన్ని పుట్టించి, మిగిలినదాన్ని పంపిణీ సంస్థకు, అంటే డిస్కంకు, అప్పగించే వినియోగదారుడే సౌరగృహస్థు. 2024 ఫిబ్రవరిలో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్ల ఫలకాలకు 78,000 రూపాయల రాయితీ లభించడం ఈ వర్గం వృద్ధికి బలమైన ప్రేరణే అయినా, అడిగినవారికి అతడు భూతాపాన్నే కారణంగా చెబుతాడు. రాయితీ ఖాతాలో పడకముందు భూతాపం ఊసు అతడి నోట వినబడిన దాఖలాలు మాత్రం లేవు.

అతణ్ణి గుర్తుపట్టడం తేలిక. మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోను తీసి ఆనాటి ఉత్పత్తి చూసుకుంటాడు. మూడు కిలోవాట్ల ఫలకాలు మబ్బులేని రోజున ఇంచుమించు పన్నెండు యూనిట్లు ఇస్తాయి కనుక, పదకొండు వచ్చిన రోజున పక్కింటి కొబ్బరిచెట్టు మీద అనుమానం పెంచుకుంటాడు. మే నెల ఎండకు ఊరంతా అల్లాడుతుంటే ఇక తన పంట పండినట్లేనని సంబరపడతాడు గానీ, ఫలకానికి కావలసింది వెలుగే తప్ప వేడి కాదు. ఫలకం 25 డిగ్రీలను దాటి వేడెక్కిన ప్రతి డిగ్రీకీ దాని సామర్థ్యం సుమారు 0.3 నుంచి 0.4 శాతం వరకు తగ్గుతుంది. ఈ సంగతి తెలిసిన రోజున సూర్యుడే తనను మోసగించినట్లు అతడు నొచ్చుకుంటాడు.

ఇంటి లోపలి రాజకీయాలు మరింత జటిలమైనవి. వడియాలూ ఆవకాయ మిరపకాయలూ ఎండే జాగాను ఫలకాలు ఆక్రమించడం వల్ల, తరతరాలుగా సౌరశక్తిని రాయితీ లేకుండా వినియోగిస్తున్న తల్లిగారు "ఏరా అబ్బాయీ, ఎండక్కూడా మీటరు పెట్టించావా?" అని నిలదీస్తే, ఆ ప్రశ్నకు జవాబు ఏ యాప్‌లోనూ దొరకదు.

అతడి స్వావలంబనకు అసలు పరీక్ష మిట్టమధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు ఎదురవుతుంది. ఫలకాల మీద ఎండ భగభగలాడుతున్నా ఇంట్లో పంకా తిరగదు, ఎందుకంటే బ్యాటరీ లేని సాధారణ ఏర్పాటులో గ్రిడ్డు, అంటే ఊళ్లను కలిపే విద్యుత్తు వల, ఆగిన క్షణంలోనే, ఫలకాల కరెంటును ఇంటి వాడకానికి అనువుగా మార్చే ఇన్వర్టరు కూడా ఆగిపోతుంది. లేకపోతే స్తంభమెక్కి తీగ బాగుచేసే లైన్‌మన్‌కు ఈ డాబా మీది కరెంటే ప్రాణాంతకం కావచ్చు. ఈ కారణం సహేతుకమైనదే గానీ, బిల్లు కట్టే పొరుగువారితో సమానంగా విసనకర్ర పట్టుకోవలసి రావడమే అతడికి మింగుడుపడదు.

పొదుపు విషయంలో అతడి ప్రవర్తనకు అర్థశాస్త్రంలో పూర్వప్రమాణం ఉంది. ఇంధనాన్ని సమర్థంగా వాడే యంత్రాలు వచ్చేకొద్దీ బొగ్గు వాడకం తగ్గకపోగా పెరుగుతుందని విలియం స్టాన్లీ జెవన్స్ 1865లోనే వాదించాడు. ఆదా అయినదే అదనపు వాడకానికి దారితీయడాన్ని నేటి శాస్త్రజ్ఞులు పునఃప్రభావం అంటారు. సౌరగృహస్థు జెవన్స్‌ను చదవకపోయినా, బిల్లు తగ్గిన తొలి వేసవిలోనే రెండో ఏసీ కొని ఆ సిద్ధాంతాన్ని నిరూపిస్తాడు.

అయితే అతణ్ణి చూసి నవ్వి ఊరుకుంటే విషయం సగమే అర్థమవుతుంది. వచ్చిన యూనిట్లనూ పంపిన యూనిట్లనూ లెక్కగట్టి తేడాకే బిల్లు వేసే నెట్ మీటరింగ్ పద్ధతిలో అతడు పగలు పొరుగువాడి గాదెలో ధాన్యం పోసి, రాత్రి గింజ తరగకుండా తెచ్చుకుంటూ, గాదె బాడుగ అడిగితే అలిగే రైతు వంటివాడు. ఆ బాడుగనే బిల్లులో స్థిర ఛార్జీ అంటారు. సౌరవిద్యుత్తు పెరిగేకొద్దీ డిస్కంకు మధ్యాహ్నం మిగులు, సూర్యాస్తమయం తరువాత కొరత ఏర్పడతాయి కనుక, గ్రైండరూ వాషింగ్ మెషీనూ మధ్యాహ్నం నడపడమే వ్యవస్థకు మేలు. కానీ మీటరు దృష్టిలో మధ్యాహ్నపు యూనిట్టూ రాత్రి యూనిట్టూ ఒకటే అయినప్పుడు అతడు అలవాటు ఎందుకు మార్చుకుంటాడు? పైగా మధ్యాహ్నం రుబ్బిన ఇడ్లీపిండి బెజవాడ ఎండకు రాత్రికే పులిసిపోతుందన్న అభ్యంతరం వంటింటి నుంచి వస్తుంది. దానికి విరుగుడుగా పిండిని ఫ్రిజ్‌లో పెడితే ఆ ఫ్రిజ్ రాత్రంతా గ్రిడ్డు కరెంటుతోనే నడవాలి.

కాబట్టి లోపం మనిషిలో కంటే ధరలోనే ఉంది. కేంద్రం 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనలు వేళను బట్టి ధరను, అంటే సౌరవేళల్లో తక్కువగానూ రద్దీ వేళల్లో ఎక్కువగానూ వసూలు చేసే పద్ధతిని, నిర్దేశించాయి. గంటగంటకూ లెక్క రాసే స్మార్ట్ మీటరు దానికి సాధనం. ఆ తేడా బిల్లు మీద కొట్టొచ్చినట్టు కనిపించిన నెలలోనే సౌరగృహస్థు ఇంట్లో బట్టలుతికే వేళ మారుతుందనీ, మరుసటి నెల కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో ఇదంతా తాను మొదటినుంచీ చెబుతున్నదేనని అతడు ఉపన్యసిస్తాడనీ ధైర్యంగా ఊహించవచ్చు.