ట్రాక్టర్‌ను చివర చూడండి

సెకండ్‌హ్యాండ్ మినీ ట్రాక్టర్ కొనబోతున్నానని ఊళ్ళో ఒక్కరికి చెబితే చాలు, పొద్దుగూకేలోపు పది సలహాలు వచ్చి అరుగు మీద కూర్చుంటాయి. మంచి మెకానిక్‌ను వెంట తీసుకుపో. హెచ్‌పి ఎక్కువున్నది చూడు. మీటర్లో గంటలు చూడు. రంగు పోనిది చూడు. ఎంత తక్కువకు తెస్తే అంత లాభం. ఈ సలహాలన్నీ తు.చ. తప్పకుండా పాటించి, నల్గొండ జిల్లాలోని మా నాలుగెకరాల బత్తాయి తోటకు నా మొదటి ట్రాక్టర్ తెచ్చాను. తొలకరి పడిన రెండో రోజున అది రెండు సాళ్ళు కూడా తిరగకుండా నిలబడిపోయింది. గేర్ల నూనె దించి చూస్తే పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉంది. మా ఎర్ర చల్కలో పదును రెండు మూడు రోజులు నిలిస్తే గొప్ప. బండి బాగయ్యేసరికి పదునూ పోయింది, గడ్డీ మోకాలెత్తు లేచింది.

అందుకే నేను చెప్పేది ఆ పదిమంది చెప్పేదానికి తలకిందులుగా ఉంటుంది. వినగానే తప్పుడు సలహా అనిపిస్తుంది. అయినా చెబుతున్నాను: ట్రాక్టర్‌ను మొదట చూడకండి, చివర చూడండి.

మొదట చూడాల్సింది మీ తోటను. కొలత టేపు పట్టుకుని సాళ్ళ మధ్య నడవండి. నాటిన రోజు మొక్కల మధ్య ఎంత దూరం ఉందన్నది ఇప్పుడు లెక్కలోకి రాదు. ఇవాళ కొమ్మకూ కొమ్మకూ మధ్య ఎంత మిగిలిందో మోకాలి ఎత్తులో ఒకసారి, ఛాతీ ఎత్తులో ఒకసారి కొలవండి. సాలు చివర మలుపు తిరగడానికి గట్టుకూ ఆఖరి చెట్టుకూ మధ్య జాగా ఎంతో చూడండి. పొగగొట్టం నిటారుగా పైకి లేచిన బండి బత్తాయి కొమ్మల కిందికి పోతే కాయలు రాలుస్తుంది. తోట పనికి గొట్టం పక్కకో కిందికో తిరిగిన బండే నయం. ఈ కొలతలన్నీ కాగితం మీద రాసుకున్నాకే మిగతా మాట.

ఆ తర్వాత చూడాల్సింది పనిముట్టును. మీ తోటలో తిరగాల్సింది రోటావేటరా, కల్టివేటరా, మందు కొట్టే బ్లోయరా, ఎరువు మోసే ట్రాలీయా? దాని వెడల్పు ఎంత, దాన్ని తిప్పడానికి ఎంత బలం కావాలి? అది తేలితే ట్రాక్టర్ సగం తేలినట్టే. అందరూ ముందు బండి కొని, తర్వాత దానికి సరిపడే పనిముట్టు కోసం తిరుగుతారు. నేనూ అదే చేశాను. నా బండి బలానికి తగ్గ రోటావేటర్ మా సాళ్ళలో పట్టలేదు, సాళ్ళలో పట్టినది బండి టైర్ల జాడను కూడా కప్పలేదు.

హెచ్‌పి మాటకొస్తే, తక్కువ వైపే మొగ్గండి. బత్తాయికి ఆహారం పీల్చే పీచు వేళ్ళు నేల పైపొరలోనే ఉంటాయి. పెద్ద బండి బలముంది కదా అని కల్టివేటర్‌ను లోతుగా దించితే ఆ వేళ్ళు తెగుతాయి. తెగిన చోట నుంచి వేరుకుళ్ళు ఎక్కుతుంది. నాలుగేళ్ళు పెంచిన చెట్టు ఆకు వాలేసి ఎండుతుంటే చూస్తూ నిలబడటం ఏ రైతుకూ వద్దు. పైగా బరువైన బండి తడి నేల మీద తిరిగితే మట్టి గట్టిపడి నీరు లోపలికి దిగదు. మనకు కావలసింది పైపైన గడ్డిని కలిపేసి పోయే బండి. మహీంద్రా యువరాజ్ 215, స్వరాజ్ 717 లాంటివి 15 హెచ్‌పి, ఒకే సిలిండర్. వీఎస్‌టీ శక్తి ఎంటీ 180డీ పద్దెనిమిదిన్నర హెచ్‌పి, మూడు సిలిండర్లు. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బీ2441 రెండూ 24 హెచ్‌పి, నాలుగు చక్రాలకూ బలం అందేవి. గడ్డి, చిన్న ట్రాలీ వరకైతే మొదటి రకం చాలు. బ్లోయర్‌తో మందు కొట్టాలంటే 24 దగ్గరికి పొండి, ఎందుకంటే వెనక పనిముట్టును తిప్పే పీటీవో దగ్గర దొరికే బలం ఇంజన్ మీద రాసిన బలం కంటే ఎప్పుడూ తక్కువే. వీటిలో ఏది గొప్పదని అడక్కండి. మీ మండలంలో ఏది ఎక్కువ తిరుగుతోందో అదే మీకు గొప్పది. సీలు ఒకటి పోతే అదే రోజు దొరకాలి. వేరే జిల్లా నుంచి పార్సిల్ వచ్చేదాకా పదును ఆగదు.

ఇక అమ్మేవాళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా బండి దగ్గరికి నేరుగా పోవద్దు. కొట్టం చూడండి. నూనె డబ్బాలు ఏ కంపెనీవి, పాత ఫిల్టర్ ఎక్కడన్నా పడి ఉందా, గ్రీజు గన్ ఉందా, ఉంటే దాని మూతికి తాజా గ్రీజు ఉందా? బండి నిలబెట్టే చోట పైన నీడ ఉందా? మిగతా పనిముట్లను ఆ మనిషి ఎలా పెట్టుకున్నాడు? గోడ మీద బొగ్గుతోనో క్యాలెండర్ మీద పెన్నుతోనో నూనె మార్చిన తేదీలు రాసుకున్న రైతు కనిపిస్తే, అతను పదివేలు ఎక్కువ చెప్పినా నేను అక్కడే కూర్చుంటాను. ఈ ఒక్క విషయంలో మా బాబాయికీ నాకూ ఇప్పటికీ కుదరదు. ‘ఇనుముకు మంచితనం ఏం తెలుసురా’ అంటాడు ఆయన. తెలుసు బాబాయ్. గ్రీజు పెట్టిన చెయ్యీ, పెట్టని చెయ్యీ ఇనుముకు బాగా తెలుసు.

కొత్తగా రంగు వేసిన బండిని వదిలేయండి. పాత రంగు, మట్టి, కొంచెం నూనె మరక ఉన్న బండి నిజం చెబుతుంది. నూనె ఎక్కడి నుంచి వస్తోందో మరకను బట్టి తెలుస్తుంది: వెనక చక్రాల లోపలి వైపు బ్రేకుల దగ్గర తడి ఉంటే ఆక్సిల్ సీళ్ళు పోయాయి, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట అడుగున చుక్క వేలాడుతుంటే క్లచ్ వైపు సీలు పోతోంది. ముందురోజు నీళ్ళ పైపుతో కడిగి తుడిచిన బండి మీద ఇవేవీ కనిపించవు. నేను కొన్నది అద్దంలా మెరిసింది.

మీటర్లో గంటలు కూడా చూడొద్దు. వైరో కేబులో ఊడదీస్తే అది ఆగిపోతుంది, కొత్తది బిగిస్తే సున్నా నుంచి మొదలవుతుంది. దాని బదులు క్లచ్ పెడల్ చూడండి. పాదం ఆనే చోట ఇనుము అరిగి నున్నబడి, మీటర్ మాత్రం ఆరువందలు చూపిస్తే మీటర్ మాట నమ్మకండి. వెనక ట్రాలీ తగిలించే డ్రాబార్ రంధ్రం గుండ్రంగా ఉందా, సాగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందా? సాగిందంటే అది పొలంలో కంటే రోడ్డు మీద ఇటుక, ఇసుక ఎక్కువ లాగింది. వెనక టైర్ల గట్లు నడుమ అరిగి అంచుల్లో నిలిచి ఉన్నా అదే కథ. కింది లింకుల చివర గుండ్లను చేత్తో ఊపండి, లొడలొడలాడుతుంటే పనిముట్టు సాలు వదిలి పక్కకు ఊగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. అది ఎవరూ అడగరు: ‘ఈ బండి దమ్ములోకి దిగిందా?’ మా జిల్లాలోనే సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపంతా వరి. అక్కడ తిరిగిన బండి బురదలో ఇరుసు దాకా మునిగి పనిచేసి ఉంటుంది. సీళ్ళు అరిగితే ఆ నీళ్ళు గేర్‌బాక్సులోకి చేరతాయి. చాలా మినీ ట్రాక్టర్లలో గేర్లకూ హైడ్రాలిక్‌కూ ఒకటే నూనె, కాబట్టి ఒక సీలు పోతే రెండూ పోతాయి. నా మొదటి బండి ఆ ఆయకట్టు నుంచే వచ్చింది. నేను అడగలేదు, అమ్మినవాళ్ళు చెప్పలేదు. మీరు అడగండి. అడిగి ఊరుకోకుండా గేర్ల నూనె డిప్‌స్టిక్ లాగి వేలితో రుద్ది చూడండి. తెల్లగా, నురగగా ఉంటే అక్కడితో లేచి రండి. దమ్ముకు పోయిన బండ్లన్నీ చెడ్డవని కాదు. సీళ్ళు ఎప్పుడు మార్చారో చెప్పలేని దమ్ము బండి చెడ్డది.

మొదటిసారి మెకానిక్‌ను తీసుకుపోవద్దంటాను. చాలామంది మెకానిక్‌లు చెవి పెట్టి వినేది ఇంజన్నే. నిజానికి చిన్న ఇంజన్‌కు బోరు పని చేయించడం మండలంలో జరిగిపోతుంది. గేర్‌బాక్సు, ముందు ఇరుసు, హైడ్రాలిక్ విప్పితేనే రోజులకు రోజులు పడుతుంది. ఇంజన్ మట్టుకు మీరే చూడొచ్చు. చెప్పిన టైం కంటే గంట ముందు, పొద్దున్నే వెళ్ళండి. సైలెన్సర్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, మరో రోజు రండి. చల్లని ఇంజన్ మొదటి నిమిషం తెల్లగా పొగ వదిలితే భయం లేదు. వేడెక్కాక కూడా నీలంగా వస్తే నూనె తాగుతోంది. బరువు పడినప్పుడు దట్టంగా నల్లగా వస్తే డీజిల్ సరిగా కాలడం లేదు. ఇంజన్ తిరుగుతుండగా నూనె పోసే మూత తీసి చూడండి, అక్కడి నుంచి గుప్పుగుప్పున పొగ తంతే అదే బ్యాక్ కంప్రెషన్, బోరు పని దగ్గర పడింది. తర్వాత రోటావేటర్ ఎత్తించి ఇంజన్ ఆపేయండి. చాయ్ తాగి రండి. మీరు వచ్చేసరికి అది నేల మీద కూర్చుంటే హైడ్రాలిక్ పట్టు పోయింది. ఇవన్నీ దాటిన బండికే రెండోసారి మెకానిక్‌ను పిలవండి, అదీ అమ్మేవాళ్ళ ఊరి మెకానిక్‌ను కాదు.

నాలుగు చక్రాలూ లాగే బండి అయితే ఒక్కటి అదనం. ముందు టైర్లు, వెనక టైర్లు కంపెనీ ఇచ్చిన సైజులేనా అని పక్కల రాసిన అంకెలు చదవండి. ఎవరో దొరికిన టైరు వేసేసి ఉంటే ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకదానితో ఒకటి పోట్లాడుతూ గేర్లను తినేస్తాయి. గట్టి రోడ్డు మీద నాలుగు చక్రాలకూ బలం కలిపే లివర్ వేసి నడిపినా అంతే నష్టం.

బేరంలో ‘నేను ఇంతకు కొన్నా’ అన్న మాటకు విలువ ఇవ్వకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పాత బిల్లు పట్టుకుని లెక్క కట్టే రోజులు పోయాయి; షోరూంలో ఇవాళ్టి కొత్త ధర కనుక్కుని అక్కడి నుంచి కిందికి లెక్క కట్టండి. ఆ తర్వాత మాత్రం ఆఖరి రెండు వేల కోసం గొడవ పడొద్దు. మంచి రైతు దగ్గర బండి కొంటే ఆ తర్వాత ఏడాది పాటు ఫోన్ చేసి అడిగే హక్కు కూడా వస్తుంది.

కాగితాల దగ్గర మొహమాటం వద్దు. ఆర్‌సీ మీద ఫైనాన్స్ పేరు ఉంటే, అప్పు తీరిపోయిందన్న నోటి మాట చాలదు. ఫైనాన్స్ వాళ్ళ ఎన్‌వోసీ, సంతకం పెట్టిన ఫారం 35 చేతికి రావాలి. పేరు మార్పుకు ఫారం 29, 30. కొన్నవాళ్ళు 30 రోజుల్లో ఆర్‌టీవోకు తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది, బీమా మీ పేరుకు మార్చమని అడగడానికి గడువు 14 రోజులే. ట్రాలీకి వేరే ఆర్‌సీ ఉంటుంది, చాలామంది అది అడగడమే మరిచిపోతారు. ప్రమాదం జరిగితే ఆర్‌సీలో పేరున్న మనిషే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. కాబట్టి పేరు మార్చుకోవడం అమ్మిన రైతు మెడ మీది కత్తి తీయడం కూడా. ‘మనం మనం చూసుకుందాంలే’ అన్న మాట మీద ఏళ్ళు గడిపిన ఇళ్ళు నాకు తెలుసు.

బండి ఇంటికి వచ్చాక కొబ్బరికాయ కొట్టండి, కానీ ఆ రోజు పొలంలోకి దించకండి. ఇంజన్ నూనె, గేర్ల నూనె, ఫిల్టర్లు అన్నీ మార్చండి. గేర్‌బాక్సు డ్రెయిన్ బోల్టుకు అయస్కాంతం ఉంటే దాన్ని గుడ్డతో తుడవండి. సన్నని బూడిద లాంటి పొడి మామూలే. ముక్కలు తగిలితే దాచిపెట్టి మెకానిక్‌కు చూపించండి.

చివరిగా వెనక వైపు వెళ్ళి పీటీవో షాఫ్ట్ చూడండి. సెకండ్‌హ్యాండ్ బండ్లలో దాని మీది ప్లాస్టిక్ తొడుగు విరిగిపోయి, ఒట్టి ఇనుము తిరుగుతూ ఉంటుంది. నిమిషానికి 540 తిరుగుళ్ళు, అంటే సెకనుకు తొమ్మిది. లుంగీ అంచు, చీర కొంగు, చున్నీ తగిలితే వెనక్కి లాక్కునే వ్యవధి మనిషికి ఉండదు. మా తోటలో కలుపు తీసే ఆడవాళ్ళు బండి పక్క నుంచే నడుస్తారు. ఆ తొడుగు బిగించేదాకా మా బండి తాళంచెవి నా జేబులోనే ఉంది.