ఏడవ నంబరు కాలెట్టు

అంబాజీపేటలో కాలమును కొబ్బరి దింపులతో లెక్కింతురు గాని గంటలతో గాదు. అట్టి యూర గడియారముల దుకాణము పెట్టుటయే సాహసము కాగా, కురిడీ రాశుల ప్రక్క నిరుకుగదిలో, కంటికి భూతద్దము తగిలించుకొని, చిన్న లేతు నొకదానిని ఇలవేల్పువలె గాజుబీరువాలో ప్రతిష్ఠించుకొన్న మా మేస్త్రిగారిని సాహసి యనవలెనో, ఉపాసకు డనవలెనో నాకు నేటికిని తెలియదు. వీణ కొని, వాయించుట మాని, గవిసెనలు కుట్టించుకొనువారి జాతి యది.

లేతు జానెడే, ఏటికొప్పాకలో అంకుడుకర్రతో లక్కపిడతలు తీర్చు తరిమెనకు మనుమరాలు. పరివారము మాత్రము పట్టపురాణిది: ఉలిని వెండ్రుకవాసి చొప్పున జరుపు స్లైడ్ రెస్టు, చక్రములకు పండ్లు కోయు సరంజామా, ఇరుసుకొనలకు మెరుగుపెట్టు పరికరము, అన్నిటిని మించి కాలెట్లు. కాలెట్టనగా కడ్డీని బిగియపట్టు చీలికల గొట్టము. పదవ నంబరుది సరిగా ఒక మిల్లీమీటరు కడ్డీని పట్టును. తొమ్మిదవది అందులో పదవవంతు తక్కువదానిని. వీనిని మేస్త్రిగారు ప్రతి యుదయము నూనెగుడ్డతో తుడుచును. తోచనప్పుడు తుడిచినవానినే మరల తుడుచును.

మా నాయనగారి హెచ్.ఎం.టి. జనతా గడియారము నా చేతినుండి జారిపడెను. గంటకు 18,000 మారులు కదలాడు చక్రపు ఇరుసు, వెండ్రుకంత సన్నని కొనవద్ద, విరిగెను.

"ఆయ్, కొత్తది తీసేద్దామండి, ఎంతసేపు! ఏడో నంబరు కాలెట్టొకటే లేదండి."

అది బొంబాయి పాతసామానుల బజారునుండి సంక్రాంతికి వచ్చునట. కనుమనాడు జగ్గన్నతోటకు ప్రభలు వచ్చినవి, పోయినవి, కాలెట్టు రాలేదు. పట్టుడు కుదరనిచోట వస్తువును లక్కతో ఇత్తడికి అంటించి తిప్పుట ఆ విద్యలో పాతమర్యాదయే యని విని, ఆ మాట చల్లగా చెవిని వేసితిని.

"అంటిస్తారండి, ఎందుకంటించరూ! దానికి వేరే ఇత్తడి చక్కుండాలండి, స్పిరిటు దీపముండాలండి..." అనుచు నోటుపుస్తకము తీసి వ్రాసికొనసాగెను. నోరు మూసికొనకపోతినే యని నన్ను నేనే తిట్టుకొంటిని.

మేస్త్రిగారి బల్లకే రెండవ కొసను ఆయన మేనల్లుడు చిమటాతో క్వార్ట్జు గడియారములకు బ్యాటరీలు మార్చి దుకాణపు అద్దె కట్టుచున్నాడు.

జనతా నాలుగుంబావు దగ్గర ఆగినది ఆగినట్లే యున్నది. పాఠకులలో నెవరి యింటనైన ఎనిమిది మిల్లీమీటర్ల రకపు ఏడవ నంబరు కాలెట్టు పడియున్నచో దయతో అంబాజీపేటకు పంపవలయును; దానితో మరేదియు జతచేయవలదు.