చురక: ఎనిమిది స్విచ్చులు, ఒక రీసెట్

మా హాల్లో బోర్డుకు ఎనిమిది స్విచ్చులు. ఇల్లు కట్టి పదకొండేళ్లయినా ఫ్యాను కోసం నొక్కితే వరండాలో లైటు వెలుగుతుంది. చుట్టాలొస్తే పాపం, ఎనిమిదీ హార్మోనియం మెట్లలా వాయించాల్సిందే. తప్పు వాళ్లది కాదు, బోర్డుదేనంటూ అమెరికా డిజైన్ పండితుడు డాన్ నార్మన్ 1988లోనే పుస్తకం రాశాడు.

తొలినాళ్లలో చాలా ఏటీఎంలు డబ్బు ముందిచ్చి కార్డు తర్వాత ఇచ్చేవి. చేతిలో నోట్లు పడ్డాక కార్డు ఎవడికి గుర్తుంటుంది? తర్వాత వరస తిప్పారు: కార్డు తీసుకుంటేనే నోట్లు. ఆ మాత్రం బుద్ధి వెబ్‌సైట్లకు ఇంకా రాలేదు.

మొన్న ఓ సైట్లో దరఖాస్తు నింపాను. పుట్టిన తేదీ చేత్తో కొట్టనివ్వదు. క్యాలెండర్లో నెలనెలా వెనక్కి నొక్కుకుంటూ 1961 దాకా నడవాలి. ఏడొందల పైచిలుకు నొక్కుళ్లు! తిరుపతి మెట్లయినా నయం, పైన దేవుడుంటాడు. ఇక్కడ అడుగున ‘సబ్మిట్’, దాన్నానుకునే అదే రంగు, అదే సైజులో ‘రీసెట్’. వేలు జారింది.

డిజైనరు బాబూ, ఆ రీసెట్ తీసెయ్యి నాయనా. నేను మళ్లీ 1961కి బయల్దేరాను, ప్రస్తుతం 1998లో ఉన్నాను.